తాత సానరాయికి స్నానం

మా నాయిన వడ్రంగం మానేస్తున్నట్టు ప్రకటించిన రోజు మా ఇంట్లో పప్పుచారు. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే, అంత పెద్ద మాట అన్నాక కూడా ఆయన రెండోసారి పోయించుకున్నాడు.

"నా చెయ్యి పోయింది," అన్నాడు, ఆ చేత్తోనే అన్నం కలుపుకుంటూ. "ఇగ నాతోని గాదు."

అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ, అంటే నాయిన తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ చేతి వంక చూశాను. ఐదు వేళ్లూ ఉన్నాయి. ఆ మాటే పైకి అన్నాను. ఆ పూట నాకు రెండోసారి పప్పుచారు దొరకలేదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. మేడ్చల్‌లో డిగ్రీ చదువుతున్నాను, కనీసం బస్సు పాసు మీద అలా రాసి ఉండేది. అలియాబాద్‌లో కరీంనగర్ రోడ్డు నుంచి నాలుగిళ్లు లోపలికి మా ఇల్లు, ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డులో నాయిన పని. తొంభైలు ముగుస్తున్న రోజులవి. పొలాలు ప్లాట్లవుతున్నాయి, ప్లాట్లలో ఇళ్లు లేస్తున్నాయి, ప్రతి ఇంటికీ దర్వాజలు కావాలి. వడ్రంగి చెయ్యి పోవడానికి అంతకన్నా చెడ్డ సమయం ఉండదు. నాకు ఆ పని రాదు. నేర్పబోయారు. నేను కొట్టిన మొదటి మేకు ఇప్పటికీ షెడ్డు దూలానికి నడుం వంచుకుని వేలాడుతూ ఉంటుంది.

ఇంతకీ జరిగిందేమిటంటే, మేడ్చల్ దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుంటున్న ఒక సారు సింహద్వారం పని నాయినకు అప్పగించాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న మనిషి. మేం దర్వాజ అంటే ఆయన గుమ్మం అనేవాడు, ఇద్దరూ ఒక్క వస్తువు గురించే మాట్లాడుకుంటున్నారని తేలడానికి మొదటి రోజంతా పట్టింది. టేకు దర్వాజ. పై పట్టె నడుమ కమలం, దానికి అటూ ఇటూ తీగలు. వచ్చే శుక్రవారం పొద్దున దాన్ని నిలబెట్టడానికి ముహూర్తం. తీగలు ఎలాగో అయ్యాయి. కమలం దగ్గరికొచ్చేసరికి మూడో రేకు చెక్కుతుంటే ఉలి దిగాల్సిన చోట దిగక, జారి, పీచు లేపుకుపోయింది. రేకు అంచు చిరిగింది. పప్పుచారు ఆ రోజుదే.

అది ఒక్కరోజులో వచ్చిన జబ్బు కాదు. ఏడాదిగా ఆయన ఉలికి పదును నిలవడం లేదు. గంటసేపు నూరినా అంచు మొండిగానే ఉండేది. ముందు కళ్లను అనుమానించాడు. మేడ్చల్ పోయి అద్దాలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఉలి మొండితనం ఇంకా స్పష్టంగా కనిపించింది. తర్వాత ఉలిని అనుమానించి కొత్త ఉలి కొన్నాడు. అదీ రెండు రోజుల్లో పాతదానిలాగే తయారైంది. చివరికి భుజాన్ని, మణికట్టును, వయసును, నా చదువు తాలూకు దిగులును, వరుసగా అన్నింటినీ అనుమానించాడు. ఒక్క సానరాయిని తప్ప.

దాన్ని ఎలా అనుమానిస్తాడు? అది తాత రాయి. అరచేతికన్నా కొంచెం పొడుగు, రెండు వేళ్ల మందం, ఒక మూల విరిగి ఉంటుంది. తాత పోయాక పనిముట్లన్నీ నాయినకు వచ్చాయి. రాయి కూడా వచ్చింది కానీ, దాని మీద పెత్తనం అవ్వ దగ్గరే ఉండిపోయింది. దసరాకు ఉలి, బాడిశ, రంపం, చిత్రిక పట్టే రంద అన్నీ కడిగి వరుసగా పెట్టి పసుపూ కుంకుమా పెడతాం కదా, రాయికి అవ్వ మంగళవారం, శుక్రవారం కూడా పెట్టేది. తాత ముందర కూర్చున్నట్టే దాని ముందర కాసేపు కూర్చునేది. నాయిన ఆ బొట్టు మీదే పల్లినూనె రెండు చుక్కలు వేసి ఉలి రుద్దుకునేవాడు. మిగతా పనిముట్లు పనిలో పడి బొట్టు పోగొట్టుకునేవి. రాయికి పోయే దారి లేదు. ఎవరైనా కడుగుదామన్నా అవ్వ ఒప్పుకునేది కాదు.

"లచ్చిమిని కడుగుతార్రా ఎవలన్న? పూజ చేస్తరు గని!"

అలా పదేళ్ల పూజ దాని మీద ఉంది. పసుపు, కుంకుమ, నూనె, ఇనుప పొడి కలిసి గోధుమరంగు గాజులా మెరిసేది. చూడ్డానికి బాగుండేది. అదే దాని తప్పని మాకెవరికీ తట్టలేదు.

పప్పుచారు మర్నాడు కుత్బుల్లాపూర్ నుంచి మామ వచ్చాడు. అమ్మ తమ్ముడు, అక్కడి ఫ్యాక్టరీల్లో అందరూ తెలిసినవాడు.

"బావా, మా గేటు కాడ వాచ్‌మన్ ఖాళీ ఉన్నది. కుర్సీ ఇస్తరు, టోపీ ఇస్తరు. సోమవారం వచ్చి మా సాబ్‌కు కనవడు, పనైపోతది," అన్నాడు.

నాయిన "సరే" అన్నాడు. అంతే. షెడ్డులోకి పోయి ఉలులన్నీ గోనెసంచిలో కట్టి మూలకు పెట్టాడు. సారుకు సోమవారమే వేరే మనిషిని చూసుకోమని చెబుతానన్నాడు. నేను ఆ రెండు రోజులూ టోపీ మీద జోకులు వేశాను. ఎవరూ నవ్వలేదు. రెండో రోజు సాయంత్రానికి నాకూ నవ్వు రావడం ఆగిపోయింది. నాయినను టోపీలో ఊహించుకున్నాను, అది సరిపోయింది, అదే బాగాలేదు.

ఆదివారం పొద్దున మటన్‌కు పంపారు. రోడ్డు మీద చాచా దుకాణం. నాయినకు చిన్నప్పటి దోస్తు, నాకు చాచా. దుకాణం వెనకే ఇల్లు, నడుమ చిన్న పెరడు, పెరట్లో వేపచెట్టు, దాని కింద ఆ వారం ఇంకా అమ్ముడుపోని మేకలు. నేను పోయేసరికి చాచా కోత ఆపేసి, తన సానరాయిని బకెట్లో సబ్బునీళ్లు పోసి బ్రష్‌తో తోముతున్నాడు. ముగ్గురు గిరాకీలు నిలబడి చూస్తున్నారు.

"చాచా, రాయికి పండ్లు తోముతున్నవా?" అన్నాను.

"నువ్వు తోముకున్నవా పొద్దుగాల? ముందు గది చెప్పు," అన్నాడు చాచా. నవ్వింది గిరాకీలు. తర్వాత తీరిగ్గా చెప్పాడు. "కత్తికి కొవ్వుంటది బేటా. గా కొవ్వు రాయి తాగుతది. తాగి తాగి దాని కండ్లు మూస్కపోతయ్. ఇగ కత్తి దాని మీద జారుతది గని, రాయి కత్తిని కొరకది. అందరు కత్తిని తిడ్తరు. నేను రాయిని కడుగుత."

నా చేతిలో మటన్ కవరు ఉంది. కవరు ఉన్న చేతితోనే ఇంటికి పరిగెత్తాను. ఇంట్లో వాళ్లకు అది ఆకలి అనిపించి ఉంటుంది.

షెడ్డులోకి పోయి రాయి ఉండే చెక్కపెట్టె తెరిచాను. రాయి మీద గోరు పెట్టి గీశాను. గోరు సర్రున జారింది. అదే సానరాయి అయితే గోరు అరగాలి. కిరసనాయిలు డబ్బా తెచ్చి ఒక్క చుక్క వేశాను. చుక్క ఇంకలేదు. గాజు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలబడి, నన్ను చూస్తూ ఉండిపోయింది. మా నాయిన ఏడాదిగా గాజు మీద ఉలి నూరుతున్నాడు.

వెంటనే పోయి చెప్పాల్సింది. కానీ చెప్పాలంటే అవ్వ ముందు చెప్పాలి. అవ్వా, నీ బొట్ల వల్ల నీ కొడుకు టోపీ పెట్టుకోబోతున్నాడు అని ఏ మొహంతో చెప్పను? పైగా నా మాట మీద ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు. నేను ఇల్లు అంటుకుందన్నా మా అమ్మ ముందు నా మొహం చూసి, తర్వాత పొగ చూసేది. అందుకని రాయిని ముందు బాగుచేద్దాం, తర్వాత చెబుదాం అనుకున్నాను. మధ్యాహ్నం తిని అందరూ పడుకున్నాక రాయిని టిఫిన్ డబ్బాలో పెట్టి, దాని చోట సగం ఇటుకను పాత గుడ్డలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టి, చాచా ఇంటికి పోయాను. తులసిమాల వేసుకుని ఎనిమిదేళ్ల నుంచి మాంసం ముట్టని అవ్వ పూజించే రాయి, టిఫిన్ డబ్బాలో, మటన్ దుకాణానికి. దారిలో ఎవరైనా ఏం కూర అని అడుగుతారేమోనని భయం.

చాచా రాయిని చేతిలోకి తీసుకోలేదు. ముందు చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాడు. తర్వాత ఇంట్లోకి కేకేసి కొత్త బ్రష్, ఉతికిన గుడ్డ తెప్పించాడు.

"మా బ్రష్ వద్దు దీనికి. మీ అవ్వ మొక్కే రాయి ఇది," అన్నాడు. ఆ తర్వాతే తీసుకుని, బొటనవేలితో ఒకసారి రాసి చూసి, తల ఊపాడు. "మా దాంట్ల కొవ్వు, మీ దాంట్ల పసుపు. రాయికి రెండు ఒక్కటే. పాపం, ఏది పెడితే అది తాగుతది."

నేను కత్తి తీసుకుని ఆ పెంకు గీకబోయాను. చాచా నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్? అరచేతిల రాయి పెట్టుకొని నీ దిక్కు గీకుతున్నవ్. జారిందనుకో, నీ చెయ్యి కూడ పోయిందని మీ ఇంట్ల ఇంకో పంచాయితి."

రాయి కింద తడిగుడ్డ పరిచాడు, కదలకుండా. వెదురు బద్ద ఒకటి పలచగా చీల్చి ఇచ్చి, దానితో అవతలికి గీకమన్నాడు. పైపొర పొలుసులుగా లేచింది. ఆ తర్వాత కిరసనాయిలు. రేషన్ కిరసనాయిలు ఒక పాత తపేలాలో పోసి, పెరట్లో వేపచెట్టు కింద, గాలి ఆడే చోట పెట్టాడు. పొయ్యి ఇంటికి అటుపక్క ఉంది, అయినా లోపలికి పోయి ఆర్పించి వచ్చాడు. గోడ పక్క నుంచి ఒకాయన బీడీ తాగుతూ మేకల ధర అడగడానికి వచ్చాడు. చాచా ఆయన్ని అడుగు లోపల పెట్టనివ్వలేదు.

"బీడీ పారేసి రా. లేకపోతే మేకలు ఫ్రీగ కాలుతయ్, నువ్వు కూడ."

ఆయన బీడీనే ఎంచుకుని వెళ్లిపోయాడు.

నా చూపుడువేలుకు కోసుకున్న గాయం ఒకటి ఉంది. చాచా నూనె ప్యాకెట్ కవర్లు రెండిచ్చి చేతులకు కట్టుకోమన్నాడు. ఇలాంటి జాగ్రత్తలు నాకు నామోషీ అని చెప్పి, కట్టుకోకుండా చెయ్యి ముంచాను. ముంచాక కట్టుకున్నాను. ఆ నడుమ జరిగింది చెప్పడం నాకిష్టం లేదు. మేకలు మాత్రం అటు తిరిగి నిలబడ్డాయి.

గంటసేపు నానబెట్టి, బ్రష్‌తో గుండ్రంగా తిప్పుతూ తోమాను. మొదట పసుపు దిగింది. కిరసనాయిలు మార్చి మళ్లీ తోమితే ఎర్రగా కుంకుమ వచ్చింది. మూడోసారి నల్లగా, చిక్కగా, ఇనుప పొడి. దసరాలన్నీ ఒక్కొక్కటిగా తపేలాలోకి దిగుతున్నాయి. నాకు కొంచెం భయం వేసింది, నిజం చెప్పాలంటే. చిన్నప్పుడు ఆ బొట్లు పెట్టే ముందు నేను పళ్లెం పట్టుకుని నిలబడేవాణ్ని. అది ఏ పొరలో ఉందో కానీ అదీ పోయింది. ఆ మురికి కిరసనాయిలును మోరీలో పారబోయబోతే చాచా డబ్బా, మూతా ఇచ్చాడు. మోరీలో మేకలు మూతి పెడతాయట. నేను తుడిచి ఉండచుట్టి పడేసిన గుడ్డను కూడా విప్పి, పెరట్లో తీగ మీద పరిచి ఆరేయించాడు. చివర సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి చూశాం. కిరసనాయిలు చుక్క వేశాను. చుక్క చటుక్కున ఇంకిపోయింది. నా ఇరవై ఏళ్ల జీవితంలో నేను పూర్తిచేసిన మొదటి పని అదే అనుకుంటాను.

"ఇగ పొయ్యి మీద పెట్టి జల్దీ ఆరబెడ్త," అన్నాను.

చాచా రాయిని నా చేతిలోంచి లాక్కున్నాడు.

"కిరసనాయిలు తాగిన రాయిని పొయ్యి మీద పెడ్తవా? రాయి పల్గుతది. మంటంటుకుంటే మీ అవ్వకు మొక్కనీకి రాయి ఉండదు, తిట్టనీకి మనుమడుండడు. ఎండల గూడ వద్దు. నీడల, గాలికి, రెండు దినాలు."

"రెండు దినాలా? రేపే నాయిన కుత్బుల్లాపూర్ పోతుండు చాచా!"

"గది రాయికి తెల్వదు గద బేటా," అన్నాడు.

రెండు పుల్లల మీద రాయిని నిలబెట్టి, చాచా ఇంటి వెనక వరండాలో నీడన వదిలేసి వచ్చాను.

సోమవారం పొద్దున నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా పెళ్లిళ్లకు తప్ప బయటికి రాదు. నేను ఎదురుపోయి, ఎస్టీడీ బూత్‌కు మామ ఫోన్ చేశాడట, సాబ్ ఊరెళ్లాడట, బుధవారం రమ్మన్నాడట అని మూడు "అట"లు ఒక్క ఊపిరిలో చెప్పేశాను. దొరికిపోతాననుకున్నాను. కానీ నాయిన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చొక్కా విప్పడానికి ఆయనకు ఎంత తొందర అంటే పై గుండీ తీయకుండానే తల మీదుగా లాగేశాడు. సారు దగ్గరికి కూడా బుధవారమే పోతానన్నాడు. అబద్ధం చెప్పినందుకు పడాల్సిన బాధ నేనేమీ పడలేదు.

మంగళవారం బొట్టు పెట్టే రోజు. ఈ సంగతి నేను లెక్కలో వేసుకోలేదు.

అవ్వకు కళ్లు సరిగా ఆనవు. పళ్లెం పక్కన పెట్టుకుని, పెట్టె తెరిచి, గుడ్డ విప్పకుండానే దాని మీద చెయ్యి పెట్టింది. అంతే.

"గిది మీ తాత గాదు," అంది.

రాయి అనలేదు. తాత అంది. తర్వాత గుడ్డ విప్పి ఇటుకను చూసి పెట్టిన కేకకు పక్కింటి కోళ్లు మా ఇంట్లోకి వచ్చాయి, వాటికి ఎటు పోవాలో తెలియక. లచ్చిమి పోయింది, ఇల్లు మునిగింది, తాత చేతి రాయిని దొంగలు ఎత్తుకుపోయారు అని ఏడుపు. ఇల్లంతా వదిలేసి సానరాయిని ఎత్తుకుపోయి దాని చోట ఇటుక పెట్టిపోయే దొంగ ఎంత మర్యాదస్థుడై ఉండాలో ఎవరూ ఆలోచించలేదు.

నేను నోరు తెరవబోయి నాయినను చూశాను. ఆయన షెడ్డు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, రంద పొట్టు కుప్పను రెండు చేతులతో తవ్వుతున్నాడు. బల్ల కింద, పట్టెల సందుల్లో, జిగురు డబ్బాల వెనక వెతుకుతున్నాడు. మూలకు కట్టి పడేసిన గోనెసంచి విప్పి ఉలులన్నీ నేల మీద పోశాడు. ఐదు రోజుల కింద పని వదిలేసిన మనిషి. రేపు టోపీ కోసం పోవాల్సిన మనిషి. "గది లేకుంటే ఎట్ల, గది లేకుంటే ఎట్ల," అని తనలో తనే అనుకుంటున్నాడు.

అప్పుడు నాకు జోకు ఒకటి తట్టింది. వేయలేదు.

"నాయినా," అన్నాను. "రాయి చాచా ఇంట్ల ఉన్నది. నేనే తీస్కపోయిన. కడిగిన."

ఆయన లేచి నిలబడ్డాడు. గడ్డానికి పొట్టు అంటుకుని ఉంది. కొడతాడనుకున్నాను. చెప్పులు వేసుకున్నాడు. అవ్వ వైపు తిరిగి "దొరికిందే అమ్మా, ఏడ్వకు," అని, నన్ను ముందు నడవమన్నాడు.

చాచా వరండాలో పుల్లల మీద రాయి అలాగే ఉంది. పూర్తిగా ఆరిపోయింది. లేత నీలం కలిసిన బూడిదరంగు. నేనే తోమాను కానీ ఆరాక ఆ రంగు వస్తుందని నాకూ తెలియదు. నాయిన దాన్ని చూసి నా వంక తిరిగాడు.

"గిది మాది గాదు," అన్నాడు.

చాచా రాయిని తిప్పి, అడుగు భాగం పైకి పెట్టాడు. విరిగిన మూల ఉంది. దాని పక్కన, ఇన్నేళ్లూ పసుపు కింద ఉండిపోయిన చిన్న గుర్తు ఒకటి. ఉలితో కొట్టిన మూడు గీతలు. తాత తన పనిముట్లన్నిటి పిడుల మీదా కొట్టుకునే గుర్తు. నాయిన బొటనవేలు ఆ గీతల మీద ఆగింది. కాసేపు అక్కడే ఉంది. చాచా మేకలకు ఆకు వేయడానికి పోయాడు, వాటి ముందర ఆకు నిండుగానే ఉన్నా.

"ఏమన్న కత్తి ఉంటే ఇయ్యి భాయ్," అన్నాడు నాయిన చివరికి.

చాచా ఇంట్లో కూరగాయలు కోసే చిన్న కత్తి తెచ్చి ఇచ్చాడు. నాయిన అరుగు మీద కూర్చుని, తడిగుడ్డ మీద రాయి పెట్టి, పల్లినూనె అడిగాడు.

"పల్లినూనె వద్దు భాయ్, ఆరితే గమ్ము లెక్క అంటుకుంటది. గందుకే సగం పరేషాన్," అని చాచా కుట్టుమిషన్ నూనె డబ్బా తెచ్చి రెండు చుక్కలు వేశాడు.

సర్... సర్... అని చప్పుడు మొదలైంది. చిన్నప్పుడు పొద్దున్నే నన్ను నిద్రలేపిన చప్పుడు అదే. అది ఎప్పుడు ఆగిపోయిందో నేను గమనించలేదు, ఆలస్యంగా లేవడం అలవాటైపోయిందని నన్ను నేను తిట్టుకున్నాను అంతే. నాలుగు నిమిషాలు కూడా కాలేదు. నాయిన కత్తిని ముంజేతి మీద ఆనించి నెమ్మదిగా జరిపాడు. వెంట్రుకలు రాలాయి. ఇంకోసారి జరిపాడు. ఇంకొన్ని రాలాయి. మూడోసారి, నాలుగోసారి. ఆపమని ఎవరూ అనకపోతే రెండు చేతులూ నున్నగా అయ్యేవి.

"చెయ్యి పోలేదు గద భాయ్?" అన్నాడు చాచా.

నాయిన రాయిని కంటి ఎత్తున పెట్టి వెలుతురుకు అడ్డంగా చూశాడు. "నడుమ పల్లం వడ్డది," అన్నాడు. ఆ మాట విని నాకు ఎంత తేలికైందో చెప్పలేను. తప్పులు పడుతున్నాడంటే మనిషి మళ్లీ పనిలోకి వచ్చినట్టే.

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ చిన్నపిల్లల్లా ఇసుకతో ఆడుకున్నారు. చాచా ఇంటి గడప దగ్గర చదునైన షాబాద్ బండ ఉంది. జల్లించిన సన్న ఇసుక తడిపి దాని మీద చల్లారు. నాయిన చెవి మీది పెన్సిల్ తీసి రాయి మీద అడ్డం నిలువు గీతలు గీశాడు. గీతలన్నీ చెరిగిపోయేదాకా బండ మీద రాయిని గుండ్రంగా తిప్పుతూ రుద్దాడు. అంచుల్లో గీతలు ముందు పోయాయి, నడిమివి చాలాసేపు మొండికేశాయి. అన్నీ పోయాక రాయిని కడిగి, తుడిచి, నాకిచ్చాడు.

"ఇంట్ల అవ్వకు ఏం చెప్పాలె?" అని అడిగాను దారిలో.

"పల్లినూనెతోని పాడైందని చెప్త. నూనె పోసింది నేనే గద. నువ్వు నోరు మూస్కొని ఉండాలె."

మా ఇంట్లో నాకు ఇచ్చిన పనుల్లోకెల్లా కష్టమైనది అదే. ఇంటికి చేరాక నాయినకూ ధైర్యం చాలలేదు, రాయి దొరికింది, పనిలో ఉంది అని శుక్రవారం దాకా నెట్టుకొచ్చాడు.

బుధవారం ఆయన కుత్బుల్లాపూర్ పోలేదు, సారు దగ్గరికీ పోలేదు. కమలం దగ్గర కూర్చున్నాడు. చిరిగిన రేకును అతికించడం కుదరదు కాబట్టి, పువ్వు మొత్తాన్ని గోరంత లోతుకు దించాడు. చిరుగు ఉన్న మూడో రేకును మాత్రం అంచు కొంచెం వంచి చెక్కాడు. టేకు పీచు లేవకుండా, ఉంగరాల్లా చుట్టుకుంటూ రాలింది. మామ సాయంత్రం వచ్చి, రాని ఫోన్ గురించి నన్ను నిలదీసి, షెడ్డులోకి చూసి, టీ తాగి వెళ్లిపోయాడు. టోపీ ఇంకెవరికో సరిపోయింది.

శుక్రవారం పొద్దున దర్వాజను ట్రాలీ ఆటోలో మేడ్చల్ చేర్చి నిలబెట్టాం. మామిడాకులు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. సారు పైకి చూస్తూ మెడ పట్టేసేదాకా నిలబడ్డాడు.

"మేస్త్రి గారూ, ఆ ఒక్క రేకు కాస్త వంగినట్టుందేంటండీ?" అన్నాడు. నేను నాయిన వెనక్కి జరిగేలోపు ఆయనే అందుకున్నాడు. "అబ్బ, అసలు పువ్వు అలాగే ఉంటుంది కదండీ! భలే కుదిరింది."

"కావాలనే అట్ల చేసిన సార్," అన్నాడు నాయిన, మొహంలో ఒక్క గీత కదలకుండా. నా తమాషా బుద్ధి ఎవరి నుంచి వచ్చిందా అని ఇంట్లో ఎప్పుడూ అనుకునేవాళ్లు. ఆ రోజు తెలిసిపోయింది.

ఇంటికొచ్చేసరికి అవ్వ పెట్టెను షెడ్డు నుంచి ఇంట్లోకి తెచ్చుకుని, పళ్లెం సర్దుకుని దాని ముందర కూర్చుని ఉంది. నాయిన గబగబా పోయి పల్లినూనె కథ మొదలుపెట్టాడు. నూనె ఆరి బంకైందని, తప్పంతా తనదేనని, అందుకే కిరసనాయిలుతో కడగాల్సి వచ్చిందని. అవ్వ వింటూనే పెట్టె తెరిచి రాయి మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తీయలేదు. మేమిద్దరం తలుపు దగ్గర బడిలో దొరికిపోయిన పిల్లల్లా నిలబడ్డాం.

"గరుకుగున్నది," అంది. "మీ నాయిన బతికున్నప్పుడు గిట్లనే ఉంటుండె. ఆయన గూడ కిరసనాయిలు పోసి కడుగుతుండె, వద్దన్నా ఇనకపోతుండె." ఆగి, నాయిన వైపు తిరిగింది. "నూనె ఒక్కదానితోని పసుపుపచ్చగైతదారా రాయి?"

నాయిన నేల చూశాడు. నేను తలుపులోంచి షెడ్డు దూలానికి వేలాడే నా మేకును చూశాను.

అవ్వ రాయిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, మూత మూసింది. వేలు కుంకుమలో అద్ది, మూత మీద, సరిగ్గా నడుమ, బొట్టు పెట్టింది. అప్పటి నుంచి బొట్టు అక్కడే. నెలకోసారి రాయిని కడిగే పని నాది, వడ్రంగంలో నాకు వచ్చింది అదొక్కటే. కడిగే ముందు అవ్వే కిరసనాయిలు డబ్బా తెచ్చి పెరట్లో పెట్టి, పొయ్యి ఆర్పి వచ్చేది.

ఆ రోజు బొట్టు పెట్టడం అయ్యాక నాయిన మెల్లగా పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. ఇంకో సారు కిటికీల గురించి కబురు పెట్టాడట, ఉలి ఒకటి నూరుకోవాలన్నాడు.

"బొట్టు చెరుపకు," అంది అవ్వ.

"చెరుపనే అమ్మా," అని షెడ్డులోకి పోయాడు. కాసేపటికి చప్పుడు మొదలైంది.